బోర్లించిన రాయి

వెర్నా క్విమ్బీ చిలకకొయ్య మీంచి కుర్చీ దించి, దాని తలకిందులు సరిచేసి, నేల మీద పెట్టి, తడిగుడ్డతో ఒకసారి తుడిచి, పక్కదాని దగ్గరికి వెళ్ళింది. షేకర్లనే అమెరికా క్రైస్తవ శాఖవాళ్ళ ఇళ్ళలో పని లేని కుర్చీ గోడకి తలకిందులుగా వేలాడుతుంది. దుమ్ము పడితే కూర్చునే వైపు కాక అడుగువైపు పడుతుందని ఆ ఏర్పాటు. గది చుట్టూ ఉన్న కుర్చీలన్నీ దించేసరికి కొండ వెనకనుంచి ఎండ కిటికీల్లోకి వచ్చింది. మోకాళ్ళు పట్టేశాయి. వాటిని ఓమాటు తిట్టుకుని, వంటింటి మెట్ల దగ్గర అలవాటుగా కుడికాలు ముందు పెట్టి దిగింది. ఆ ఇంట్లో పెరిగిన పిల్లకి ఎడమకాలు ముందు పెట్టి మెట్టు దిగడం డెబ్బై మూడేళ్ళొచ్చినా చేతకాదు.

ఆల్డర్ హిల్‌లో చివరి షేకర్లు వెళ్ళిపోయి అప్పటికి ముప్ఫై ఏళ్ళు దాటింది. పెళ్ళి లేదు, సొంత ఆస్తి లేదు, ఆడవాళ్ళకో తలుపు, మగవాళ్ళకో తలుపు, ఆదివారం దేవుడి ముందు అందరూ బారులు తీరి అడుగులేసి ఊగడం. పిల్లల్ని కననివాళ్ళు ఎన్నాళ్ళు నిలుస్తారని మా కొండల్లో జనం నవ్వేవారు. ఆ నవ్వినవాళ్ళ మనవలే ఇప్పుడు చందాలేసుకుని, మిగిలిన ఒక్క పెద్దింటినీ మ్యూజియం చేసి, దాని కప్పు కారకుండా చూసుకోవడానికి ఏటా అక్టోబరులో పిండి పొరల మధ్య యాపిల్ ముక్కలు పెట్టి కాల్చే పైలు చేయించి అమ్ముతున్నారు. బతికున్నప్పుడు వెక్కిరించి, పోయాక దండేయడం ఏ దేశంలోనైనా ఉన్నదే.

ఆ యాపిల్ పైలు చేసేది వెర్నాయే. నేల ఊడ్చేదీ, కిటికీలు తుడిచేదీ, పొయ్యి రాజేసేదీ కూడా ఆవిడే. పొట్టి మనిషి, కాస్త గూని, ఎప్పుడూ అదే ఊదారంగు స్వెట్టరు. చేతులు మాత్రం ఒంటికి సరిపోనంత పెద్దవి. వేళ్ళ కణుపులు ఉబ్బి, బొటనవేళ్ళు రెండూ వెనక్కి విరిచినట్టు ఉండేవి. మ్యూజియం చూడ్డానికి వచ్చేవాళ్ళు ఆవిణ్ణి కూడా పాత సామానులో ఒకటిగా చూసి ముందుకు వెళ్ళిపోయేవారు. ఎవరైనా ఆగి, “మీరూ షేకరేనా?” అని అడిగితే, “కాదు, నేను పెళ్ళి చేసుకున్నాను,” అనేది. అంతకు మించి నోరు విప్పేది కాదు.

వంటింట్లో ఫెర్న్ టామ్లిన్ అప్పటికే యాపిల్స్ చెక్కు తీస్తోంది. ఊళ్ళో పాల వ్యాపారం చేసేవాడి భార్య ఆవిడ. చెయ్యి ఎంత వేగమో నోరూ అంతే వేగం.

“రాత్రి మంచు పడి గుమ్మడికాయలన్నీ నల్లగా మాడిపోయాయి. కోసి లోపల పెట్టవయ్యా మగడా అని మూడు రోజుల్నుంచీ మొత్తుకున్నాను. రేడియో దగ్గర్నుంచి లేస్తేగా?”

“నిన్నెవరు చేసుకోమన్నారు?” అంది వెర్నా, ఏప్రను నడుముకి కట్టుకుంటూ.

“అదే నేనూ అనుకుంటున్నా. మీ షేకర్ సిస్టర్ల దగ్గర చేరిపోయినా హాయిగా ఉండేదాన్ని.”

“వాళ్ళు నిన్ను రానిచ్చేవాళ్ళు కాదులే. భోజనాల దగ్గర మాట్లాడకూడదు.”

ఫెర్న్ పకపకా నవ్వింది. వెర్నా పిండిలో చన్నీళ్ళు చిలకరించి, ముద్ద చేసి, వంటింటి మధ్యనున్న పాలరాతి బల్ల మీద దబ్బుమని కొట్టింది.

ఆ రాయంటే ఆవిడకి ఇష్టం. బారెడు పొడవు, మూరెడు పైచిలుకు వెడల్పు, కొయ్య బల్ల చట్రంలో బిగించి ఉంటుంది. ఎండాకాలంలో కూడా చల్లగా ఉండేది కాబట్టి పిండిలో వెన్న కరిగేది కాదు. వెర్నా ఇక్కడ పెరిగిన రోజుల్లో అది లేదు. అప్పుడు మేపుల్ చెక్క మీదే వత్తేవారు. మ్యూజియం పెట్టి తనని పనికి పిలిచినప్పుడు మొదటిసారి దాన్ని చూసి, ‘నేను వెళ్ళిపోయాక వీళ్ళకి కలిసొచ్చిందన్నమాట,’ అనుకుంది. గోడకి ఒక అట్ట కూడా ఉంది: ‘మిఠాయిలు చేసేందుకు సిస్టర్లు ప్రత్యేకంగా తెప్పించుకున్న పాలరాయి.’ ఆ అట్ట రాసింది కమిటీ పెద్ద కాన్‌స్టన్స్ లాడ్. మందుల షాపు నడిపే మొగుడు పోయాక ఆవిడకి ఈ మ్యూజియమే సంసారం.

బల్ల కాలొకటి కిందటేడు నుంచీ ఊగుతోంది. ఆ పొద్దున దబ్బుమన్న దెబ్బకి కిర్రుమని ఒరిగింది. చిల్లరమల్లర మరమ్మతులు చేసే ఎవరెట్ స్టిక్నీని కేకేస్తే మగవాళ్ళ తలుపు గుండా వచ్చాడు. ఇంకో తలుపు గుండా వస్తే వెర్నా ఊరుకోదని వాడికి తెలుసు. వాడి వెనకే బల్లగుడ్డలు మోసుకుంటూ కాన్‌స్టన్స్ వచ్చింది.

“కాలు పుచ్చిపోయింది,” అన్నాడు ఎవరెట్, కింద కూర్చుని గోరుతో గీరి చూసి. “కొత్తది వేస్తా. కానీ రాయి లేపాలి.”

“పిండి కలిపేశాను,” అంది వెర్నా.

“పిండి ఎక్కడికీ పారిపోదు. మీరు పక్కకి జరగండి.”

గునపం దూర్చి, కింద చెక్కలు వేసి, వాడు రాతిని మెల్లగా నిలువుగా లేపాడు. మెడ నరాలు ఉబ్బాయి. గోడకి చేరేసి ఊపిరి పీల్చుకున్నాడు. ఇన్నేళ్ళూ అడుగున ఉన్న వైపు ఇప్పుడు వాళ్ళకి ఎదురుగా ఉంది. దాని నిండా బూజు, పొగచూరు, ఎండిన సాలెగూళ్ళు.

“ఏదో చెక్కారు దీని మీద,” అంది ఫెర్న్.

ఎవరెట్ చొక్కా చేత్తో తుడిచాడు. వంగి, మళ్ళీ తుడిచాడు. తర్వాత చదివాడు, బళ్ళో కుర్రాడిలా ఒక్కొక్క మాటే.

“థర్జా బీన్. పోయింది వెయ్యిన్నీ తొమ్మిది వందల తొమ్మిది, మార్చి. వయసు అరవై ఆరు.”

 ఫెర్న్ చేతిలో యాపిల్ తొక్క సగం ఊడి వేలాడుతూ ఉండిపోయింది. అన్నేళ్ళ పరిచయంలో ఆవిడ నోరు దానంతటది మూతబడగా చూడటం వాళ్ళకి అదే మొదలు.

“సమాధి రాయి,” అంది చివరికి. “మనం ఇన్నాళ్ళూ... దీని మీద... కిందటేడు మా పాస్టరుగారు మూడు పైలు పట్టుకెళ్ళారు.”

“మా తాత చెప్పేవాడు,” అన్నాడు ఎవరెట్ నెమ్మదిగా. “శ్మశానంలో ఎవరి రాయి వాళ్ళకుంటే గొప్పాతక్కువా వస్తాయని, అన్నీ పీకేసి అందరికీ కలిపి ఒక్క పెద్దరాయి పాతారట. పీకినవి ఏమయ్యాయో అడగాలని మాకెవరికీ తట్టలేదు.”

“పారెయ్యరు కదా,” అంది కాన్‌స్టన్స్. ఆవిడ మొహం పాలిపోయింది. “వాళ్ళు చీపురు పుల్ల కూడా పారెయ్యరు. బోర్లించి వంటింట్లో వేసుకున్నారు.” ఆవిడ చూపు గోడనున్న అట్ట మీదికి వెళ్ళి, అక్కణ్ణుంచి చప్పున తప్పుకుంది. “ఈ థర్జా ఎవరో కనుక్కోవాలి.”

“నన్ను పెంచిందావిడే,” అంది వెర్నా.

గొంతు మామూలుగానే ఉంది. మనిషే కొయ్యబారిపోయింది. నిలుచున్నచోట నిలుచునే తన అరచేతులు చూసుకుంది. వేళ్ళ సందుల్లో పిండి. ఏటా శరత్కాలంలో ఈ చేతులతోనే ఆ రాతిని మోదింది. పిండి అంటుకుంటే కత్తితో గీకింది. ఉడుకునీళ్ళు పోసి కడిగింది. చేతులు కొంకర్లు పోయిన పొద్దుల్లో ‘నీ చల్లదనం తగలెయ్య’ అని తిట్టింది కూడా. ఏ మనిషి పేరు వినబడితే ఇప్పటికీ గుండె చెరువయ్యేదో ఆ మనిషి పేరు బెత్తెడు మందం రాతికి అవతల ఉంది, తను ఇవతల పాటలు పాడుకుంటూ పిండి వత్తింది. పొయ్యి అంచు పట్టుకుంది. అంచు కాలుతోందని చెయ్యి తీశాకే తెలిసింది.

తల్లి జ్వరంతో పోయాక ఆరేళ్ళ వెర్నాని తండ్రి బండిలో ఎక్కించుకొచ్చి ఈ ఇంటి ముందు దించాడు. గడ్డికోతలకల్లా వచ్చి తీసుకెళ్తానన్నాడు. ఎన్ని గడ్డికోతలు అయిపోయినా రాలేదు. సిస్టర్ థర్జా పొడుగ్గా, ఎముకల గూడులా ఉండేది. ముద్దులాడటం రాదు. ఏడ్చే పిల్లకి ఒక పిండిముద్ద ఇచ్చి, “దీన్ని గుండ్రంగా చెయ్యి చూద్దాం,” అంది. గుండ్రంగా అయ్యేసరికి ఏడుపు ఆగింది. తర్వాత ఏళ్ళ తరబడి ఆవిడ పెంపకమంతా అలాగే సాగింది. పన్నీటికి గులాబీలు కోయడం నేర్పింది. కాడ లేకుండా, పువ్వు మట్టుకే తుంచాలి. కాడ ఉంటే ఏ పిల్లకైనా జడలో పెట్టుకోవాలనిపిస్తుందట. ఒకసారి వెర్నా కొత్త కొయ్యపెట్టె అడుగున తన పేరు రాసుకుంటే, థర్జా తిట్టలేదు, గరుకు కాయితం చేతికిచ్చి చెరిగిపోయేదాకా రుద్దించింది. “పెట్టె బాగుంటే చాలదా పిల్లా? నువ్వెవరో దానికెందుకు?” అంది.

ఆవిడ పోయినప్పుడు వెర్నాకి పదిహేనేళ్ళు. ఏడవకూడదన్నారు, ఏడవలేదు. పద్ధెనిమిదో ఏట యాపిల్ కోతకి వచ్చిన కార్ల్ క్విమ్బీతో వెళ్ళిపోయింది. అతను మంచివాడే. ఉన్ని మిల్లులో పని చేసి, దగ్గి దగ్గి, యాభై దాటకుండా పోయాడు. పిల్లల్లేరు. “షేకర్లలో పెరిగినదాన్ని చేసుకుంటే ఇంతే మరి,” అని అతను అందరిముందూ నవ్వేవాడు, ఇంట్లో మాత్రం ఎన్నడూ అనలేదు.

పెళ్ళయిన కొన్నేళ్ళకి ఒకసారి ఆవిడ పూలు పట్టుకుని ఇక్కడి శ్మశానానికి వచ్చింది. చిన్నరాళ్ళు ఒక్కటీ లేవు. పచ్చిక మధ్య ఒకే పెద్దరాయి, దాని మీద ‘షేకర్లు’ అన్న ఒక్క మాట. థర్జా రాయేదని ఒక ముసలి సిస్టర్‌ని అడిగితే, “రాయితో నీకేం పని?” అంది. వదిలేసి పోయినదానివి, అడిగే హక్కు నీకెక్కడిదని అర్థం చేసుకుని వెర్నా తలొంచుకుని వచ్చేసింది. అప్పట్నుంచీ ఏటా పూలు తెచ్చి, ఏ పక్క పెట్టాలో తెలీక, ఆ పెద్దరాతి ముందు సరిగ్గా మధ్యలో పెట్టి వెళ్తోంది.

“వెర్నా, కూర్చోండి,” అంటోంది కాన్‌స్టన్స్. “మీ పరిస్థితి నాకు అర్థమవుతోంది. దీన్ని ముందు హాల్లో నిలబెడదాం. పైన దీపం పెట్టిస్తాను. పేపరువాళ్ళని పిలుద్దాం. పక్కన మీరు నిలుచోవాలి. ఇన్నాళ్ళు ఆవిడకి జరిగినదానికి మనం చెయ్యగలిగింది అదే.”

“ఆవిడకేం జరిగింది?” అంది వెర్నా.

“అదేమిటి? పేరున్న రాతిని బోర్లించి...”

“వాళ్ళే బోర్లించారు. ఆవిడుంటే ఆవిడా ఓ చెయ్యేసేది. కాలు బిగించాక మళ్ళీ బోర్లించండి.”

“చూశాక ఎలా బోర్లిస్తాం? తెలీనప్పుడు సరే. తెలిసి మూసిపెడితే అది అబద్ధం కాదూ? మీకు తల్లిలాంటి మనిషి, మీరే ఇలా మాట్లాడితే ఎలా?”

వెర్నా తడిగుడ్డతో వేళ్ళకంటిన పిండి తుడుచుకుంది. కాన్‌స్టన్స్ అన్నదాంట్లో తప్పేమీ లేదు. పైగా, ఆ మాట వినగానే తన ప్రాణం లేచొచ్చింది. అదే ఆవిణ్ణి రాయి కంటే ఎక్కువ హడలగొట్టింది. తనకీ కావాలి. హాల్లో దీపం కింద ఆ పేరు కావాలి. రోజూ పొద్దున్నే దాని మీద దుమ్ము తుడవాలి, వచ్చినవాళ్ళందరికీ ‘ఇదిగో, ఈవిడ నన్ను పెంచింది’ అని చెప్పుకోవాలి. యాభై ఎనిమిదేళ్ళుగా లోపల అణిచిపెట్టిన ఏడుపు ఆ పేరు చూడగానే గొంతు దాకా వచ్చి కూర్చుంది. గరుకు కాయితంతో రుద్ది రుద్ది చెరిపిన బుద్ధి చెరగనే లేదన్నమాట.

“ఓ పావుగంట నన్ను వదిలెయ్యండి,” అంది. “అందరూ.”

వాళ్ళు వెళ్ళాక వేణ్ణీళ్ళు, సబ్బు, మెత్తటి కుంచె తెచ్చుకుని రాతి ముందు చతికిలబడింది. బూజు తీసింది. అక్షరాల గాడుల్లో పేరుకున్న మసిని ఒక్కొక్కటిగా కడిగింది. ‘థ’ దగ్గర మొదలుపెట్టి వయసు దాకా వేలు పెట్టి దిద్దింది, అఆలు దిద్దే పిల్లలా. ఆ తర్వాత నుదురు రాతికి ఆనించి ఏడ్చింది. శబ్దం రాకుండా ఏడవటం ఆ ఇంట్లోనే నేర్చుకుంది, అది ఇప్పటికీ బాగానే వచ్చు. ఏడుపయ్యాక పొడిగుడ్డతో రాతిని తుడిచి, అదే గుడ్డతో మొహం తుడుచుకుంది.

“ఎవరెట్, కాలు అయిందా?” అని కేకేసింది. “అయితే రాయి దించు. పేరు కిందకి రావాలి.”

ఎవరెట్ కాన్‌స్టన్స్ వంక చూశాడు.

“సోమవారం కమిటీలో పెడతాను,” అంది కాన్‌స్టన్స్. “నిలబెట్టాలనే వాదిస్తాను వెర్నా, ముందే చెప్తున్నా.”

“వాదించండి. మీ పని అది. ఇవాళ మాత్రం రాయి నాకు కావాలి. నాలుగింటికి పైల కోసం జనం వస్తారు.”

“ఎవరొస్తారు?” అంది ఫెర్న్. “ఇది తెలిస్తే ఎవరు తింటారు?”

“తెలీకుండా నువ్వుంచుతావా?”

ఉంచలేదు. మధ్యాహ్నం భోజనాల వేళకే ఊరంతా గుప్పుమంది. కొందరు చర్చి మెట్ల మీద నిలబడి ముక్కు మీద వేలేసుకున్నారు. ఒకావిడ కిందటేడు తిన్నది ఇప్పుడు తల్చుకుని కక్కుకుందని చెప్పారు. రామనుకున్నవాళ్ళు రాలేదు. అంతకు ముందెప్పుడూ రానివాళ్ళు మాత్రం సమాధి రాతి మీద చేసిన పిండివంట ఎలా ఉంటుందో చూద్దామని బండ్లేసుకుని దిగారు. రంపపు మిల్లులో పని చేసి మానేసిన ఒక ముసలాయన వరసలో ముందు నిలబడి, “కిందటేడు తిన్నాను, బానే ఉన్నాను. ఒకటివ్వండి,” అన్నాడు. దాంతో మిగతావాళ్ళ భయం సగం తీరింది.

లోపల వెర్నా మొదటి ముద్దని రాతి మీద పెట్టి, అప్పడాల కర్ర పట్టుకుని, నొక్కలేకపోయింది.  రెండుసార్లు తేలిగ్గా దొర్లించింది. పిండి అంచులు చీలిపోయాయి, మధ్యలో ముద్దగానే ఉండిపోయింది. అట్లా భయపడుతూ వత్తితే థర్జా ఏమనేదో ఆవిడకి తెలుసు. “పిండిని చూసి జంకితే అది తోలవుతుంది పిల్లా. ఒళ్ళంతా ఆన్చి వత్తు,” అనేది. ఆ పాడైన ముద్దని మళ్ళీ మడిచి, ఒళ్ళంతా ఆన్చి వత్తింది. చల్లదనం మణికట్టు దాకా ఎక్కింది. పిండి పల్చగా, గుండ్రంగా, రాతంతా పరుచుకుంది.

తర్వాత ఆగలేదు. పళ్ళెంలో పరవడం, యాపిల్ ముక్కలు పేర్చడం, చక్కెర, మీగడ, రెండు చుక్కల పన్నీరు, పైన ఇంకో పొర, చుట్టూ బొటనవేలితో నొక్కిన అంచు. ఫెర్న్ ఒక్కొక్కటీ పొయ్యిలో పెట్టి తీసి బయటికి మోసింది. మధ్యలో ఓసారి, “మీకు అదోలా లేదూ?” అని అడిగింది.

“ఉంది,” అంది వెర్నా. “పొద్దున్నుంచీ తల మీద ఎవరో మొట్టినట్టే ఉంది. కానీ ఆవిడ చేతులు కట్టుకుని కూర్చోగా నేనెప్పుడూ చూళ్ళేదు. ఇప్పుడు నా మూలంగా ఆవిణ్ణి హాల్లో ఊరికే నిలబెట్టడం నాకిష్టం లేదు.”

“మరి సోమవారం?”

“సోమవారం సంగతి సోమవారం.”

ఎడం చెయ్యి లాగుతోందంది కాసేపటికి. రాయి చలవ అంది. మొహం పిండి రంగులో ఉంది. పిండి పని చేసే మనిషి మొహం ఇంకే రంగులో ఉంటుందని ఫెర్న్ పట్టించుకోలేదు. ఆ మాట తల్చుకుని తర్వాత ఎన్ని రోజులు ఏడ్చిందో.

జనం పల్చబడ్డాక కాన్‌స్టన్స్ వంటింట్లోకి వచ్చింది. మొహంలో వెలుగుంది. అంతకు ముందెన్నడూ అంత అమ్మకం లేదు.

“వెర్నా, ఇంకొక్కటి ఉంటే చాలు. ముసలాయన చెల్లెలికి కూడా కావాలట.”

వెర్నా గోడవారన కుర్చీలో కూర్చుని ఉంది. తల కాస్త పక్కకి వాలింది. పిండి చేతులు ఒళ్ళో వెల్లకిలా ఉన్నాయి. అలిసిపోయి కునుకు తీస్తోందనుకుని కాన్‌స్టన్స్ గొంతు తగ్గించి, “పోన్లెండి, లేదని చెప్తా,” అంది. రెండడుగులు వెనక్కి వేసి ఆగింది. మళ్ళీ దగ్గరికొచ్చి భుజం మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి అక్కడే ఉండిపోయింది.

ఫెర్న్ పరుగెత్తుకొచ్చింది. కేకలు వెయ్యలేదు. ఎవరెట్ టోపీ తీసి, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలీక పట్టుకునే నిలుచున్నాడు. డాక్టరొచ్చి గుండె ఆగిందన్నాడు, నొప్పి ఎక్కువసేపు ఉండి ఉండదన్నాడు. అతనలాగే అంటాడు. వెర్నాని తీసుకెళ్ళాక ముగ్గురూ ఏం చెయ్యాలో తోచక అదే వంటింట్లోకి తిరిగి వచ్చారు. పొద్దున ఆ రాయి తిరగబడినప్పుడు దాని ముందు ఎలా నిలుచున్నారో అలాగే నిలుచున్నారు. అప్పుడు నలుగురు.

“రాయి లేపి హాల్లో పెట్టమంటారా?” అన్నాడు ఎవరెట్. “గునపం బండిలోనే ఉంది.”

కాన్‌స్టన్స్ ఆ రాతి వైపు చూసింది. 

“వద్దు. దాని మీద వెర్నా పని ఉంది.”

పాలరాతి మీద, రేకు పళ్ళెంలో, పొయ్యికెక్కని యాపిల్ పై ఒకటి ఉంది. అంచు సగం దాకా బొటనవేలితో నొక్కి ఉంది, మిగతా సగం పిండి పళ్ళెం దాటి వేలాడుతోంది.